ద్విమితీయ ఐసింగ్ నమూనాలో డెసిమేషన్: వదిలేసిన పదాల మాటేమిటి?

ప్రశ్న:
నమస్కారం. రీనార్మలైజేషన్ గ్రూప్ పద్ధతిని (చిన్న దూరాల వివరాలను మెట్టుమెట్టుగా తొలగిస్తూ వ్యవస్థను చూసే పద్ధతి) ఐసింగ్ నమూనా (పైకో కిందకో చూసే స్పిన్‌ల జాలకం) సాయంతో నేర్చుకుంటున్నాను. ఏకమితీయ గొలుసులో ఒకటి విడిచి ఒకటిగా స్పిన్‌లను తొలగిస్తే (దీన్నే డెసిమేషన్ అంటారు), మొదట కె అయిన కప్లింగ్ (స్పిన్‌ల మధ్య బంధపు బలం) మిగిలిన వాటి మధ్య 1/2 లాగ్ కాష్ 2కె అవుతుంది. కొత్త పదమేదీ పుట్టదు. చదరపు జాలకంలో సగం స్పిన్‌లను తొలగించినప్పుడు మాత్రం ఇరుగుపొరుగు స్పిన్‌ల మధ్య 1/4 లాగ్ కాష్ 4కె, కర్ణం వెంబడి ఉన్న వాటి మధ్య అందులో సగం, వీటికి తోడు నాలుగు స్పిన్‌ల పదం ఒకటి వస్తున్నాయి. మా పాఠ్యపుస్తకంలో కర్ణపు కప్లింగ్‌ను మొదటిదానిలో కలిపేసి, నాలుగు స్పిన్‌ల పదాన్ని వదిలేసి, 3/8 లాగ్ కాష్ 4కె అని రాశారు. దీనికి ఆధారం ఏమిటి?

సమాధానం 1:
కర్ణపు పదాన్ని కూడా వదిలేసి చూడండి. 1/4 లాగ్ కాష్ 4కె విలువ ఎప్పుడూ కె కంటే తక్కువే కనుక, ఎక్కడ మొదలుపెట్టినా కప్లింగ్ సున్నాకు జారిపోతుంది, అంటే దశా పరివర్తనే కనబడదు. కర్ణపు కప్లింగ్ కూడా స్పిన్‌లను ఒకే దిశకు తిప్పేదే కాబట్టి దాన్ని కలిపారు. అప్పుడు స్థిర బిందువు (మెట్టు దాటినా కప్లింగ్ మారని విలువ) 0.507 దగ్గర వస్తుంది; దశా పరివర్తన జరిగే కప్లింగ్ కచ్చితమైన విలువ 0.4407. ఆ బిందువు వద్ద పాత కప్లింగ్‌తో కొత్తది మారే వాలు 1.449, పొడవు మారే నిష్పత్తి వర్గమూలం 2. వీటి లాగరిథమ్‌ల నిష్పత్తి నుంచి సహసంబంధ దైర్ఘ్యపు (స్పిన్‌ల మధ్య ప్రభావం చేరే దూరపు) ఘాతాంకం, అంటే పరివర్తన దగ్గర ఆ దైర్ఘ్యం ఎంత వేగంగా పెరుగుతుందో చెప్పే సంఖ్య, 0.935 అని తేలుతుంది. ఆన్సాగర్ 1944లో ఇచ్చిన పరిష్కారం ప్రకారం అది 1. అదే బిందువు వద్ద మూడు పదాలూ లెక్కిస్తే వరుసగా 0.338, 0.169, మైనస్ 0.053 వస్తాయి కనుక, మూడోదాన్ని వదలడం మరీ అన్యాయమేమీ కాదు.

సమాధానం 2:
పై లెక్క సరైనదే గానీ, 0.935 చూసి మురిసిపోకూడదని నా అభిప్రాయం. డెసిమేషన్‌లో మిగిలిన స్పిన్‌లు పాతవే కనుక వాటి మధ్య సహసంబంధం ఏమాత్రం మారదు. నిజంగా సందిగ్ధ స్థిర బిందువే (దశా పరివర్తనను సూచించే స్థిర బిందువు) ఉంటే, ఒక దూరంలో ఉన్న సహసంబంధమే వర్గమూలం 2 రెట్లు దూరంలోనూ ఉండాలి, అంటే దూరంతో తగ్గకూడదు. ద్విమితీయ ఐసింగ్‌లో అది దూరపు మైనస్ 1/4 ఘాతంగా తగ్గుతుందని మనకు తెలుసు. కాబట్టి ఏ పదాన్నీ వదలకుండా డెసిమేషన్ చేస్తూ పోతే అలాంటి స్థిర బిందువు దొరకదు; మీ పుస్తకంలోనిది పదాలను కత్తిరించడం వల్ల పుట్టినది. కదనాఫ్ 1966లో ప్రతిపాదించిన బ్లాక్ స్పిన్‌లలో ఈ చిక్కు లేదు, ఎందుకంటే అక్కడ ఒక గడిలోని స్పిన్‌లను కలిపి, వచ్చిన కొత్త స్పిన్ పరిమాణాన్ని తగిన గుణకంతో సరిచేస్తారు.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండి. అలాగైతే కచ్చితమైన పరిష్కారం లేని త్రిమితీయ ఐసింగ్‌లో వచ్చిన ఘాతాంకాలను దేని ఆధారంగా నమ్ముతాం?

సమాధానం 2 రాసినవారు:
అక్కడ చిన్న పరామితి ఒకటి కావాలి. విల్సన్, ఫిషర్ 1972లో మితుల సంఖ్యను 4 నుంచి ఎప్సిలాన్ మేరకు తగ్గించి చూశారు. స్థిర బిందువు వద్ద కప్లింగ్ ఎప్సిలాన్‌కు అనులోమంగా ఉంటుంది కనుక, ఏ మెట్టు దగ్గర ఏ పదాన్ని వదులుతున్నామో తెలిసే వదులుతాం. ఐసింగ్‌కు సహసంబంధ దైర్ఘ్యపు ఘాతాంకం 1/2, ఎప్సిలాన్/12, ఎప్సిలాన్ వర్గం రెట్లు 7/162 అనే పదాల మొత్తంగా మొదలవుతుంది. ఎప్సిలాన్‌ను 1గా (అంటే మూడు మితులుగా) తీసుకుంటే మొదటి మెట్టులో 0.583, రెండో మెట్టులో 0.627 వస్తాయి; నేడు అంగీకరించిన విలువ 0.630. అయితే ఈ శ్రేణి అభిసరించదు, కాబట్టి పై మెట్లలో పదాలను ఊరికే కూడుతూ పోకుండా బోరెల్ సంకలనం వంటి, అభిసరించని శ్రేణుల నుంచి విలువ రాబట్టే పద్ధతులు వాడాలి. 31 డిగ్రీల సెల్సియస్ దగ్గర కార్బన్ డయాక్సైడ్‌లో ద్రవానికీ వాయువుకూ తేడా చెరిగిపోయే సందిగ్ధ బిందువు కూడా త్రిమితీయ ఐసింగ్ తరగతికే (ఒకే ఘాతాంకాలున్న వ్యవస్థల గుంపుకే) చెందుతుంది కనుక, ఈ ఘాతాంకాలను ప్రయోగంతోనూ పోల్చి చూసుకోవచ్చు.