రొయ్యల మేత వ్యాన్ల రూట్లకి క్వాంటమ్ ఎనీలింగ్ వర్కౌట్ అవుద్దా?

భీమవరం చుట్టుపక్కల చెరువులకి మేత దించే వ్యాన్ల రూట్ల మీద ప్రాజెక్ట్ చేస్తున్నానండి, కాలవ దాటాలంటే వంతెన దాకా పోవాల్సిందే కాబట్టి మ్యాప్‌లో పక్కనే ఉన్న చెరువు కూడా దూరమే. సిమ్యులేటెడ్ ఎనీలింగ్ (లోహాన్ని వేడి చేసి మెల్లగా చల్లార్చినట్టు మంచి రూట్ వెతికే పద్ధతి, 1983 నాటిదే) పైథాన్‌లో రాశా, బానే వస్తోంది. మా గైడ్‌గారేమో డి-వేవ్ కంపెనీ క్వాంటమ్ ఎనీలింగ్ మెషీన్‌తో పోల్చమంటున్నారు. నా ప్రోగ్రాంలా వేడితో గుట్ట ఎక్కి దిగే బదులు అది టన్నెలింగ్‌తో గుట్టలోంచే దూరిపోద్ది, అడ్డం ఎత్తుగా సన్నగా ఉంటే లాభం, అంతవరకు ఓకే. కానీ వాళ్ళ అడ్వాంటేజ్ మెషీన్‌లో 5000 పైన క్యూబిట్లు (క్వాంటమ్ బిట్లు) ఉన్నా ఒక్కోటి 15 వాటికే కలుస్తుంది, రూట్ ప్రాబ్లంలో వేరియబుల్స్ చాలావాటితో ముడిపడి ఉంటాయి, ఒక్కో వేరియబుల్‌కి క్యూబిట్లు చైన్ కట్టుకుంటూ పోతే 20 చెరువులైనా పడతాయా? పోల్చేటప్పుడు 20 మైక్రోసెకన్ల ఎనీలింగ్ టైమే లెక్కేయాలా, ఎంబెడ్డింగ్ (ఆ చైన్లు కట్టి ప్రాబ్లంని చిప్ మీద అమర్చడం) టైమ్ కూడా కలపాలా? కలపకపోతే మోసమే అనిపిస్తోంది నాకైతే. చేసినవాళ్ళెవరైనా ఉంటే కాస్త చెప్పండి.