ఆస్కెలాన్ లోకాల క్షీణతకు తుఫాను ఒక్కటే కారణమా?

ప్రశ్న: వార్‌హామర్ 40,000 అనే కల్పిత భవిష్యత్ విశ్వంలోని ఆస్కెలాన్ సెక్టార్ (అనేక లోకాలున్న అంతరిక్ష ప్రాంతం) నేపథ్యంగా 2014లో వెలువడిన డార్క్ హెరెసీ అనే పాత్రధారణ ఆట రెండవ కూర్పును మా బృందం ఆడుతోంది. అక్కడి లోకాల క్షీణతకు పాండెమోనియం అనే వార్ప్ (ఓడలు నక్షత్రాల మధ్య ప్రయాణించే మరో లోకం) తుఫాను ఒక్కటే కారణమని మీరు భావిస్తున్నారా?

మొదటి జవాబు: ప్రధాన కారణం అదేనని నా అభిప్రాయం. నక్షత్రాల మధ్య రాకపోకలన్నీ వార్ప్ గుండానే సాగే సామ్రాజ్యంలో ఆ దారులు మూసుకుపోతే, కోట్లాది జనంతో కిక్కిరిసి, తన తిండిని తాను పండించుకోలేని హైవ్ నగరానికి వ్యవసాయ లోకాల నుంచి ధాన్యం అందదు, సాయం కోరుతూ పంపిన సందేశమూ చేరదు.

రెండవ జవాబు: తుఫాను దారులను మూస్తుంది, నిజమే, కానీ లోపలి కుళ్లు మనుషులదే. ఆ సెక్టార్‌లోని డెసోలియం అనే హైవ్ లోకాన్ని గమనించండి. అక్కడి శ్రామికుల బతుకు ఒట్టుగా చేసిన ప్రమాణాలతో కట్టివేయబడి ఉంటుంది, వాటిని శాంక్షనరీలు అనే రక్షకభటులు బలవంతంగా అమలు చేస్తారు. నన్ను అన్నిటికంటే ఎక్కువ కలచివేసేది ఇదే: ఇచ్చిన మాట మీద నిలబడడం అనే మంచి గుణమే అక్కడ సంకెలగా మారింది.

ప్రశ్న అడిగినవారు: ఇద్దరికీ కృతజ్ఞతలు. అయితే మా కథను తుఫానుతో కాకుండా, ప్రమాణం తప్పి పారిపోతున్న ఒక శ్రామికురాలితో మొదలుపెడతాను.