బేక్డ్ వెజిటబుల్‌లో పచ్చిమిర్చి వేయాలా, వద్దా?

హొరమావు కోడలు: ఆదివారం అత్తయ్య, మామయ్య అనంతపురం నుంచి వస్తున్నారు. పిల్లలేమో బేక్డ్ వెజిటబుల్ (కూరగాయ ముక్కల మీద వైట్ సాస్, చీజ్ వేసి ఓవెన్‌లో పెట్టేది) చేయమని ఒకటే గొడవ. వైట్ సాస్ చూస్తే మామయ్యగారు "జ్వరం వచ్చినవాళ్ల తిండి" అంటారు. పచ్చిమిర్చి వేస్తే పిల్లలు ముట్టరు. రెండు రకాలు చేసే ఓపిక నాకు లేదు. కారం వేయనా, మాననా?

ఓటీజీ బాబాయి: వేయొద్దమ్మా. పచ్చిమిర్చి, మసాలా పడ్డాక అది కూరే, కాకపోతే ఓవెన్‌లో పెట్టిన కూర. దీని రుచంతా వెన్న, పాలు, మిరియాల పొడి, చిటికెడు జాజికాయ. వైట్ సాస్‌కి 3 పెద్ద చెంచాల వెన్నలో అన్నే పెద్ద చెంచాల మైదా రంగు మారకుండా, పచ్చివాసన పోయేదాకా వేయించు. అర లీటరు నందిని పాలు కొద్దికొద్దిగా పోస్తూ, గరిటెకు పట్టేంత చిక్కబడేదాకా కలుపు. పెద్దాయనకి పక్కన ఆవకాయ ఉండనే ఉంటుంది!

బీటీఎం పీలేరు పిల్ల: బాబాయ్ గారూ, మీరు చెప్పేది క్లబ్బు వంట. మన నోటికి తగ్గట్టు మారబట్టే కదా గోబీ మంచూరియా బెంగళూరులో సందుసందునా దొరుకుతోంది? వైట్ సాస్‌లో ఆవకాయ నంజుకోవడం ఏం సంబడం! అక్కా, సాస్ జోలికి పోకండి, కారం కూరగాయలకు పట్టించండి. అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చి సన్నగా తరిగి నూనెలో వేయించి సగం ముక్కలకే కలపండి. ట్రేలో ఒక పక్క అవి, రెండో పక్క చప్పటివి. పైన అందరికీ ఒకటే సాస్, ఒకటే చీజ్. కారం పక్కన గుర్తుకి ఒక క్యాప్సికం చక్రం పెట్టేయండి.

ఓటీజీ బాబాయి: ఓవెన్‌లో సాస్ కుతకుతలాడి కారమంతా అటు పాకుతుంది. అప్పుడు ఏడ్చేది పిల్లలే.

మడివాళ సంచీ: పాకేది సాస్ పల్చనైతేనే. పల్చనయ్యేది ముక్కల్లో నీళ్లుంటేనే. అసలు తగాదా కారంతో కాదు, నీళ్లతో. బీన్స్, క్యారెట్, కాలీఫ్లవర్ మరిగే ఉప్పునీళ్లలో మూడు నాలుగు నిమిషాలు ఉంచి, వడగట్టి, గుడ్డ మీద ఆరబోయాలి. వేడిగా ఉండగానే సాస్‌లో కలిపితే లోపలి తడి అంతా అందులోకే దిగుతుంది. పుట్టగొడుగులైతే విడిగా, నీరు ఇగిరేదాకా వేయించాలి. సీమ వంకాయ, టమాటా ఈసారికి మానేస్తే నయం. ఓవెన్ ముందే వేడెక్కాలి. 200 డిగ్రీల్లో 20-25 నిమిషాలు, పైన ఎర్రమచ్చలు పడేదాకా. మైక్రోవేవ్ అయితే కన్వెక్షన్‌లోనే (వేడిగాలి మోడ్) పెట్టండి, మామూలు మోడ్‌లో చీజ్ కరుగుతుంది తప్ప ఎర్రబడదు. తీశాక పది నిమిషాలు కదపకండి, సాస్ గట్టిపడుతుంది.

మల్లేశ్వరం పిన్ని: చీజ్‌లో దూడ పొట్టలోంచి తీసిందేదో వేస్తారని మా ఇంట్లో పెద్దవాళ్లు ముట్టరు. మీ అత్తగారిని ముందే అడుగు తల్లీ.

మడివాళ సంచీ: పాలు విరగడానికి వేసే రెన్నెట్ సంగతి కదా పిన్నిగారూ? అది సూక్ష్మజీవుల నుంచి చేసినదీ ఉంది. ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క చూసి కొంటే భయం లేదు. ఇటలీ నుంచి వచ్చే అసలు పార్మెజాన్ చీజ్‌లో మాత్రం దూడ రెన్నెట్టే.

బీటీఎం పీలేరు పిల్ల: ఇంకోటి. మామయ్యగారు అన్నంలోకి ఏదీ అని తప్పకుండా అడుగుతారు. ఇది అన్నంలో కలవదు. చారు కాచి, అప్పడాలు వేయించి ఉంచండి.

ఓటీజీ బాబాయి: చారు పక్కన వైట్ సాసా! సరే, మీ ఇల్లు, మీ ట్రే. జాజికాయ మాత్రం మానకండి.

హొరమావు కోడలు: సగం సగమే ఖాయం బాబాయ్ గారూ, జాజికాయ కూడా వేస్తా. అత్తయ్యని అడిగాను, చుక్క ఉన్న చీజ్ అయితే తింటానన్నారు. కారం పక్క మామయ్యగారి వైపు, చప్పటి పక్క పిల్లల వైపు. మధ్యలో కూర్చునే మా ఆయన తిప్పలు ఆయనవి.