నార్తర్న్ సోల్ ఆల్‌నైటర్‌కు మొదటిసారి వెళ్తున్నా, సలహా చెప్తారా?

అందరికీ నమస్తే. మాంచెస్టర్‌లో గోడౌన్ పని నాది. తోటి పనివాడైన ఓ పెద్దాయన వల్ల నార్తర్న్ సోల్ పిచ్చి పట్టుకుంది, అంటే పాత అమెరికన్ నల్లజాతి సోల్ పాటలకు డాన్స్ చేసే ఉత్తర ఇంగ్లండ్ అలవాటు. 1973 నుంచి 1981 దాకా ఇక్కడి విగన్ క్యాసినో అనే డాన్స్ హాల్లో, వారమంతా ఫ్యాక్టరీల్లో ఒళ్లు హూనం చేసుకున్న కుర్రాళ్లు శనివారం అర్ధరాత్రి దాటాక మొదలుపెట్టి తెల్లారేదాకా డాన్స్ చేసేవాళ్లు, ఆల్‌నైటర్ అంటే అదే. అక్కడ మందు అమ్మేవాళ్లు కాదు. అమెరికాలో పెద్దగా ఎవరూ పట్టించుకోని అరవైల నాటి సోల్ రికార్డులంటే వాళ్లకు ప్రాణం. షిఫ్ట్ అయ్యాక ఆ పాటలు వింటే నాకూ ఒంట్లో బరువంతా దిగిపోతుంది.

ఇక్కడ అలాంటి రాత్రులకు వెళ్లినవాళ్లు ఎవరైనా ఉన్నారా? గిరగిరా తిరగడానికి తోలు అడుగున్న బూట్లే కావాలా? నేల మీద టాల్కం పౌడర్ చల్లుకోవడానికి ఇప్పటికీ ఒప్పుకుంటారా? ఒంటరిగా వెళ్తే ఇబ్బందా? దయచేసి చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.