పెద్దయ్యాక బయటపడే పుట్టు లోపం: పరీక్ష చేయించాలా, వద్దా?

గోదారిగట్టు: మా మేనల్లుడికి 29 ఏళ్లు. చిన్నప్పటి నుంచీ సెగగడ్డలు, మెడ దగ్గర బిళ్లలు. క్రిమి ఎప్పుడూ దొరక్కపోయినా రెండుసార్లు టీబీ కోర్సు వాడించారు. ఇప్పుడు కాలేయంలో చీముగడ్డ, అందులో స్టాఫ్ క్రిమి. పుట్టుకతో వచ్చే క్రానిక్ గ్రాన్యులోమేటస్ డిసీజ్, అదే సీజీడీ, ఏమో చూడాలని కొత్త డాక్టరు డీహెచ్‌ఆర్ పరీక్ష రాశారు. ఇంట్లో వద్దంటున్నారు.

పల్లెడాక్టర్: మన దగ్గర మెడ బిళ్లంటే ముందు టీబీ అనుకోవడం తప్పు కాదు. ఇమ్యునోగ్లోబులిన్లు, అంటే రక్తంలో రోగాలతో పోరాడే ప్రొటీన్లు, చూశారా?

గోదారిగట్టు: చూశారు, నార్మల్. తెల్లకణాల లెక్కా నార్మలే.

పల్లెడాక్టర్: మరి ఇమ్యూనిటీ బాగానే ఉందిగా!

ల్యాబ్‌రమణ: సీజీడీలో అవి బాగానే ఉంటాయి సార్. తెల్లకణం క్రిమిని మింగుతుంది కానీ చంపే రసాయనాన్ని తయారుచేయలేకపోతుంది. డీహెచ్‌ఆర్ చూసేది ఆ పనినే. రక్తం తాజాగా ల్యాబ్‌కి చేరాలి.

కోనసీమకోడలు: పుట్టు జబ్బయితే 29 ఏళ్లు ఎలా బతికాడు?

ల్యాబ్‌రమణ: సీజీడీలో ఎన్‌సీఎఫ్1 అనే జన్యువు లోపంతో వచ్చే రకం కాస్త నెమ్మది. పెద్దయ్యాక తేలినవాళ్లున్నారు. మేనరికమా?

గోదారిగట్టు: అవును. అక్కని మా మేనమామకే ఇచ్చారు.

కోనసీమకోడలు: మొదలుపెట్టారా! మాదీ మేనరికమే. మొదటి బిడ్డ పోతే నా రక్తంలోనే దోషమన్నారు. ఆ మాటలు పడ్డదాన్ని నేను.

ల్యాబ్‌రమణ: ఈ రకంలో తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండూ వస్తేనే జబ్బమ్మా. ఒక్కరినే అనడానికి లేదు.

పల్లెడాక్టర్: టీబీ మందులిచ్చిన డాక్టర్ తప్పేముందో ఎవరూ చెప్పలేదు.

గోదారిగట్టు: తగ్గలేదంటే మాత్రలు మింగట్లేదని మావాడినే తిట్టారు సార్! అయినా ఇంట్లో గొడవ దాని గురించి కాదు. వాడి చెల్లెలికి సంబంధాలు చూస్తున్నారు. వీడికి తేలితే తనకీ పరీక్ష చేయమంటారని మామయ్య భయం.

కోనసీమకోడలు: భయపడరా మరి? ఈ సంగతి తెలిస్తే ఆ పిల్లని ఎవరు చేసుకుంటారు?

ల్యాబ్‌రమణ: ఈ రకమే అయితే చెల్లెలికీ ఉండే అవకాశం నాలుగింట ఒక వంతు. ఉంటే రోజూ కోట్రిమాక్సజోల్ అనే యాంటీబయాటిక్, ఇట్రాకొనజోల్ అనే బూజు మందు ఇస్తారు, ఇన్ఫెక్షన్లు బాగా తగ్గుతాయి. మీవాడు పొలం పనికి వెళ్తుంటే పెంటకుప్ప, కుళ్లిన గడ్డి జోలికి పోనివ్వకండి. వాటిలోని బూజు ఊపిరితిత్తుల్లో చేరితే ప్రాణం మీదికొస్తుంది.

పల్లెడాక్టర్: మొదటిసారి టీబీ అనుకోవడం తప్పు కాదు, ఆ మాట మీదే ఉన్నా. కాలేయంలో స్టాఫ్ గడ్డ వచ్చాక మాత్రం ఆగకండి. 2021 జాతీయ అరుదైన వ్యాధుల పాలసీలో సీజీడీ ఉంది, హైదరాబాద్ నిమ్స్‌లో ఆ వ్యాధుల కేంద్రం ఉంది.

కోనసీమకోడలు: అబ్బాయికి చేయించండి. అమ్మాయి సంగతి పెళ్లయ్యాక చూడొచ్చు.

గోదారిగట్టు: పెళ్లయ్యాక జబ్బు బయటపడితే అత్తింట్లో ఏమంటారో మీకు నేను చెప్పాలా అమ్మా? తనకి 24 ఏళ్లు. మామయ్యని కాదు, తననే అడుగుతా.