పాత డబ్ల్యూ211 బెంజ్‌లో ఆండ్రాయిడ్ స్క్రీన్: సౌండ్ రావట్లేదు, బ్యాటరీ దిగుతోంది

కారు 2006 మెర్సిడెస్ ఈ-క్లాస్, ఆడియో 20 స్టీరియో, డిక్కీలో ఫ్యాక్టరీ ఆంప్లిఫైయర్. 9 అంగుళాల ఆండ్రాయిడ్ యూనిట్‌తో పాటు క్వాడ్‌లాక్ హార్నెస్ (స్టీరియో వెనక ప్లగ్‌కు సరిపోయే వైర్ల కట్ట), క్యాన్ బాక్స్ (కారు డేటా లైన్ సిగ్నళ్లను యూనిట్‌కు అందించేది), మోస్ట్ ఆప్టికల్ డీకోడర్ (యూనిట్ సౌండ్‌ను ఫైబర్‌లోకి కాంతిగా పంపేది) వచ్చాయి. స్క్రీన్ ఆన్ అవుతోంది, స్టీరింగ్ బటన్లు, రివర్స్ కెమెరా పనిచేస్తున్నాయి. స్పీకర్లు మాత్రం నోరు విప్పట్లేదు. పాత స్టీరియో తిరిగి పెడితే సౌండ్ మామూలే, కాబట్టి ఆంప్లిఫైయర్ పోలేదు.

మోస్ట్ అంటే కారులోని ఆడియో పరికరాలను ఫైబర్‌తో వరసగా కలిపే రింగ్. ఒక్కచోట కాంతి ఆగినా మొత్తం మూగబోతుంది. డీకోడర్ అవుట్‌పుట్‌లో ఎర్ర వెలుగు కనిపిస్తోంది, తిరిగి వచ్చే ఫైబర్ చివర చీకటి. స్క్రీన్ వెనక చోటు తక్కువ కాబట్టి ఫైబర్ 25 మిల్లీమీటర్ల రేడియస్ కంటే బిగుతుగా వంగిందేమో చూశాను, లేదు. సీడీ ఛేంజర్, ఫోన్ మాడ్యూల్ ఇంకా రింగ్‌లోనే ఉన్నాయి. వాటిని ఫైబర్ లూప్ కనెక్టర్‌తో బైపాస్ చేసి, డీకోడర్, ఆంప్లిఫైయర్ రెండే ఉంచితే సరిపోతుందా? లేక డీకోడర్ మాస్టర్‌గా (రింగ్‌ను నడిపే పరికరంగా) రింగ్‌ను లేపలేకపోతోందా? యూనిట్ సెట్టింగ్‌లో ఆంప్లిఫైయర్ రకం ఎంచుకోవాలంటారు, ఆ మెనూ ఎక్కడుంటుంది?

రెండోది, కరెంటు. లాక్ చేసి 40 నిమిషాలు ఆగాక కూడా 0.35 ఆంపియర్లు లాగుతోంది, 0.05 దాటకూడదు కదా. రోజుకు 8 ఆంపియర్-అవర్లు పోతే వారానికే స్టార్టింగ్ కష్టం. యూనిట్ ఫ్యూజ్ పీకితే డ్రెయిన్ పోతోంది. ఈ కారు స్టీరియో కనెక్టర్‌లో కీతో ఆన్ అయ్యే వైరు లేదు, ఆ సిగ్నల్ క్యాన్ బాక్సే ఇస్తుంది. దాన్ని వదిలేసి, కీ తీస్తే ఆగిపోయే ఏదైనా ఫ్యూజ్ నుంచి ఏసీసీ (కీ ఆన్ సిగ్నల్) తీసుకుంటే యూనిట్ నిద్రలోకి వెళ్తుందా, లేక బాక్సే మార్చాలా?

ఇదే సెటప్ చేసినవాళ్లు ఆప్టికల్ కనెక్షన్ వరస చెప్తే చాలు.