పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు: పెద్ద జీతానికి పట్నమా, సగం జీతానికి సొంతూరా?

నల్లగొండ అమ్మ:
మాది నల్లగొండ, పానగల్ పోయే దారిలో సొంతిల్లు. పాపకు నాలుగేళ్ళు, బాబుకు ఏడాదిన్నర. మా ఆయనది హైదరాబాద్‌లో ప్రైవేట్ ఉద్యోగం, ఇక్కడికి దాదాపు వంద కిలోమీటర్లు. చీకటి ఉండగానే బస్సెక్కుతాడు, తిరిగొచ్చేసరికి పిల్లలు నిద్రపోయి ఉంటారు. ఆదివారం తప్ప నాన్నను మేలుకుని చూసే వీలే లేదు. ఇప్పుడు ఇక్కడే టౌన్‌లో ఒక ఉద్యోగం వచ్చేలా ఉంది, కానీ జీతం సగానికి సగం. "జీతం వదులుకోకండి, అందరూ పట్నం మారిపోండి" అంటుంది మా అత్తమ్మ. "పిల్లలు చిన్నగా ఉన్నప్పుడే నాలుగు రాళ్ళు వెనకేసుకోవాలి" అంటాడు మా తమ్ముడు. ఆయనకేమో ఇంటికి వచ్చేయాలని ఉంది. పిల్లల ముద్దుముచ్చట కోసం సగం జీతం వదులుకోవచ్చా? ఇలా వదులుకున్నవాళ్ళూ, వదులుకోనివాళ్ళూ చెప్పండి.

మిర్యాలగూడ అన్న:
చెల్లె, మీ తమ్ముడు చెప్పిందే కరెక్ట్. నాలుగేళ్ళ పాపకు నాన్న సాయంత్రం ఇంట్లో ఉన్నాడా లేడా అన్నది పెద్దయ్యాక గుర్తుండదు. కాలేజీ ఫీజు కట్టలేక మంచి సీటు వదులుకుంటే మాత్రం జీవితాంతం గుర్తుంటుంది. మా నాన్న రైస్ మిల్లులో రాత్రి డ్యూటీలు చేసి మమ్మల్ని చదివించాడు. ఆయన మాతో కూర్చుని ఆడుకున్న గుర్తు నాకు లేదు. అయినా ఆయనంటే ప్రాణం. ఆదివారం మొత్తం పిల్లలకే ఇవ్వండి, సాగర్ తీసుకెళ్ళండి, డ్యామ్ చూపించండి, హాయిగా గడపండి. లేదా మీ అత్తమ్మ అన్నట్టు పట్నమే మారండి. 2023 డిసెంబర్ నుంచి ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్ లేదు కదా, ఎప్పుడు కావాలంటే అప్పుడు నల్లగొండ వచ్చి పోవచ్చు. సగం జీతం అంటే చిన్న మాట కాదు.

జడ్చర్ల నాన్న:
నేను హైదరాబాద్ ఉద్యోగం మానేసి జడ్చర్ల వచ్చినవాణ్ణి. జీతం బాగానే తగ్గింది, అందులో దాపరికం లేదు. కానీ అన్నా, మీరు చెప్పిన ఆదివారం గురించి నేను గట్టిగా మాట్లాడాలి.

పిల్లల సంతోషాలు మన సెలవు చూసుకుని రావు. దసరాకు అటూ ఇటూగా మా వైపు సీతాఫలాలు దిగుతాయి. బాలానగర్ రకం సీతాఫలం అంటే దేశమంతా తెలుసు, ఆ బాలానగర్ మా పాలమూరుదే. పచ్చి కాయలు తెచ్చి గంపలో గడ్డి వేసి మాగబెడతాం. మా పాప రోజూ సాయంత్రం గంప ముందు గొంతుక్కూర్చుంటుంది. ఒక్కో కాయ మీద బొటనవేలు పెట్టి నొక్కి, "ఇది గట్టి, ఇది గట్టి, ఇది కొంచెం గట్టి" అని చెప్తూ పోతుంది. మెత్తబడ్డది దొరికితే ఒక్క కేక పెడుతుంది. రెండు చేతులా పట్టుకుని వాళ్ళ అమ్మకు, నాయనమ్మకు, గేటు బయట నిలబడ్డ పక్కింటి వాళ్ళకు చూపించి, చివరికి నా చేతికిస్తుంది. నేను విప్పాలి. గింజలు మాత్రం తనే లెక్కపెట్టాలి, ఎనిమిది తర్వాత పదకొండు అంటుంది. ఆ కాయ బుధవారం పండొచ్చు, శుక్రవారం పండొచ్చు. ఆదివారం నాన్న వచ్చేదాకా ఆపితే కుళ్ళిపోతుంది.

బతుకమ్మ కూడా అంతే. ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా తొమ్మిది సాయంత్రాలు. తంగేడు పూలు ఏరడం, గునుగు కాడలు సమంగా కోయడం, రంగుల నీళ్ళలో చేతులు ముంచి తిట్లు తినడం, ఇవన్నీ రోజూ జరిగేవే. వారానికోసారి వచ్చేవాడికి అందులో ఒకటో రెండో సాయంత్రాలే దక్కుతాయి.

టూర్ల సంగతి కూడా చెప్తాను. పాపను పిల్లలమర్రి తీసుకెళ్ళాం. ఏడు వందల ఏళ్ళ నాటి మర్రి అంటారు, దాదాపు మూడెకరాల్లో ఊడలు దించింది, చెదలు పట్టి కొమ్మ విరిగితే 2018లో సెలైన్ బాటిళ్ళలో మందు ఎక్కించి బతికించారు. నాకు అది చూస్తే ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. మా పాప చెట్టు వైపు చూడనే లేదు. నేల మీద చీమల బారు చూస్తూ కూర్చుంది. చిన్న పిల్లలకు కావలసింది పెద్ద చోట్లు కాదన్నా, చీమలు చూసినంత సేపూ పక్కన కూర్చునే మనిషి.

పెద్దయ్యాక గుర్తుండదు అన్నారు. దానికి గుర్తుండకపోతే పోనీ, నాకు ఉంటుంది. ఆ సంతోషంలో నా వాటా కూడా ఉంది. దాన్ని పోగొట్టుకుని తర్వాత డబ్బుతో కొనలేను.

మక్తల్ నుంచి:
మా ఇళ్ళల్లో ఈ ప్రశ్నే రాదు. గుంపు మేస్త్రీ అడ్వాన్స్ చేతిలో పెడితే మా అమ్మా నాయినా బొంబాయి బిల్డింగ్ పనులకు పోయేవాళ్ళు. పాలమూరు లేబర్ అంటే మేమే. నన్నూ మా చెల్లెనూ అవ్వ దగ్గర వదిలి వెళ్ళారు. అవ్వ ఏ లోటూ చేయలేదు. వాళ్ళు పోకపోతే అప్పు తీరేది కాదు, నేను చదివేవాణ్ణీ కాదు. వాళ్ళ మీద నాకు ఇంత కూడా కోపం లేదు.

కానీ మిర్యాలగూడ అన్నకు ఒక మాట. ఉగాదికి అమ్మ ఇంటికి వచ్చి, సంచిలోంచి బిస్కెట్ ప్యాకెట్ తీసి "రా బిడ్డా" అని పిలిస్తే నేను అవ్వ వెనక దాక్కున్నాను. పోలేదు. మా అమ్మ ఆ ప్యాకెట్ పట్టుకుని అట్లాగే నిలబడ్డది. అప్పుడు నాకూ అటూ ఇటూగా నాలుగేళ్ళే. ఆ ప్యాకెట్ రంగు ఇప్పటికీ గుర్తుంది. చిన్న పిల్లలకు గుర్తుండదని ఎవరూ అనుకోవద్దు.

అక్కా, మా అమ్మకు ఎంచుకునే వీలు లేకపోయింది. మీకు ఉంది. సగం జీతంతో ఇల్లు గడుస్తుందంటే ఇంకేం ఆలోచించకండి.

నాగర్‌కర్నూల్ టీచరమ్మ:
నేను అంగన్‌వాడీ టీచర్ని, రోజంతా చిన్న పిల్లలతోనే ఉంటాను. అందరూ సంతోషం గురించే చెప్తున్నారు, ఇంటి పని గురించి ఒక్కరూ మాట్లాడలేదు. జీతం సగమైతే ఆ లోటు ఎవరి మీద పడుతుంది? పనిమనిషిని మాన్పిస్తారు, ఆ పని తల్లి నెత్తిన పడుతుంది. ఏడాదిన్నర బాబున్న తల్లికి రాత్రి కంటి నిండా నిద్ర ఉండదు. ఆమెను "పిల్లల ముచ్చట చూసి మురిసిపో" అంటే ఎట్లా మురుస్తుంది తల్లీ?

అందుకని మీ ఆయన వస్తే రావాలి, కానీ పనిలోకి రావాలి. మా వైపు నాయనమ్మలు కాళ్ళు చాపుకుని కూర్చుని, పసిపిల్లను ఆ కాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టి నూనె రాసి నీళ్ళు పోస్తారు. వేడి ఎంతుండాలో మోచేత్తో చూస్తారు. ఒళ్ళు తుడిచి సాంబ్రాణి పొగ వేసేసరికి పిల్ల నిద్రలోకి జారుకుంటుంది. ఆ పిల్ల నాయనమ్మకు అంత దగ్గరవడం ఊరికే కాలేదు, రోజూ ఒళ్ళో వేసుకుని నీళ్ళు పోసింది కాబట్టి అయింది. మీ బాబు ఇప్పుడు కూర్చుని, నిలబడి పోయించుకునే వయసు. ఆ స్నానం ఆయనకు అప్పజెప్పండి. సబ్బు కళ్ళల్లో పడి ఏడిస్తే ఆయనే ఊరుకోబెట్టాలి. సాయంత్రం ఇంటికొచ్చి ఫోన్ పట్టుకుని మంచం మీద వాలేటట్టయితే హైదరాబాద్‌లో ఉన్నా ఒకటే, నల్లగొండలో ఉన్నా ఒకటే.

ఫోన్ అంటే గుర్తొచ్చింది. మీ బాబు వయసు పిల్లలకు స్క్రీన్ అసలే వద్దని, రెండు నుంచి నాలుగేళ్ళ పిల్లలకు రోజుకు గంట దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. అన్నం తినిపించేటప్పుడు ఫోన్ ఇచ్చేది ఇంట్లో రెండో మనిషి లేకనే. రెండో మనిషి ఉంటే కథ చెప్తూ తినిపించవచ్చు.

ఇంకోటి, నర్సరీ ఫీజులకు భయపడి జీతం లెక్క వేసుకోకండి. మూడు నుంచి ఆరేళ్ళ దాకా అంగన్‌వాడీలో ఆటపాటలు, గుడ్డుతో భోజనం ఉచితం. ఒకటో తరగతికి ఆరేళ్ళు నిండాలని 2020 జాతీయ విద్యా విధానమే అంటోంది. పాపకు ఇంకా రెండేళ్ళ టైమ్ ఉంది.

మిర్యాలగూడ అన్న:
మక్తల్ తమ్మీ, నీ మాట చదివి చాలా సేపు ఏమీ రాయలేకపోయాను. నేను చెప్పింది అందరికీ వర్తించదు, ఒప్పుకుంటాను. అయినా చెల్లెకు ఒకటి అడుగుతాను. అప్పులున్నాయా? గోల్డ్ లోన్, చిట్టీ, బండి ఈఎంఐ? ఉంటే ముందు అవి తీరనివ్వండి. మా నాన్న రాత్రి డ్యూటీలు చేసింది మా మీద ప్రేమ లేక కాదు, వడ్డీ కట్టడానికి. అప్పుల టెన్షన్‌తో ఇంట్లో కూర్చున్న మనిషి పిల్లల మీద చిర్రుబుర్రులాడతాడు. అట్లా అయిన ఇళ్ళు మా వీధిలోనే చూశాను. ఏ అప్పూ లేకపోతే నాది పట్టుదలేం కాదు.

జడ్చర్ల నాన్న:
అది నిజమే అన్నా. నేను వచ్చే ముందు లోన్ తీర్చాకే వచ్చాను. పట్నం అద్దె, రోజూ బస్సు చార్జీలు, బయట తిండి తీసేస్తే జీతం తేడా కాగితం మీద కనిపించినంత ఉండదు, అది కూడా లెక్కలో పెట్టుకోండి. టీచరమ్మ చెప్పిన స్నానం మాట నూటికి నూరు పాళ్ళు నిజం. పాపకు నేను జడ వేయడం నేర్చుకున్నాకే అది స్కూల్ కబుర్లు నాకు చెప్పడం మొదలుపెట్టింది. ముందు కూర్చోబెట్టి ఎన్నిసార్లు అడిగినా చెప్పేది కాదు.

నల్లగొండ అమ్మ:
అందరికీ థాంక్స్. టీచరమ్మా, మీరు నా గురించి కూడా ఆలోచించారు, ఇంట్లో ఆ మాట ఇంతవరకు ఎవరూ అనలేదు. మీ పోస్ట్ ఆయనకు చదివి వినిపించాను. బాబు స్నానం, పాప అన్నం తన పనులేనన్నాడు. ఇల్లు సొంతం కాబట్టి అద్దె లేదు. ఒక్క గోల్డ్ లోన్ ఉంది, వచ్చే సంక్రాంతికి తీరుతుంది. అప్పటిదాకా ఇక్కడి వాళ్ళు ఉద్యోగం ఆపుతారేమో అడగాలి. శనివారం సెలవు ఉంటుందా అని కూడా అడగమన్నాను.

జడ్చర్ల నాన్న:
శనివారం కంటే ముందు సాయంత్రం ఎన్నింటికి వదులుతారో కనుక్కోండి చెల్లె. టౌన్ ఉద్యోగమైనా రాత్రి ఎనిమిదిన్నర దాకా కూర్చోబెట్టే చోట్లున్నాయి. ఆరింటికి వదిలేటట్టయితే జీతంలో ఇంకో వెయ్యి తగ్గినా ఒప్పుకోమనండి.